తెలుగు ప్రాంతంలో సెమినరీ మిషనరీ ఉపాధ్యాయులు

క్రైస్తవ సంఘాలకు కావలసిన పాస్టర్లను, ఉపదేశులను, గ్రామ ఉపాధ్యాయులను తయారుచేసే విద్యాలయం సెమినరీ. ఐరోపా, అమెరికా దేశాల మిషన్ సొసైటీలు జీతమిచ్చి ఇక్కడికి పంపగా అందులో పాఠాలు చెప్పినవారు సెమినరీ మిషనరీ ఉపాధ్యాయులు. తెలుగు ప్రాంతంలో ఈ వృత్తి 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో రూపు కట్టింది. 20వ శతాబ్ది మూడో పాదం ముగిసేసరికి బోధన చాలావరకు భారతీయుల చేతికి వచ్చింది. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల పరిసరాల్లో లండన్ మిషనరీ సొసైటీ పని ఈ వ్యాసానికి ప్రధాన ఆధారం. పోలిక కోసం మదనపల్లె, పలమనేరు, రామాయపట్నం, దోర్నకల్ కూడా ప్రస్తావనకు వస్తాయి.

నిర్వచనం, పరిధి

సెమినరీ నుంచి బయటికి వచ్చేవారంతా ఒకే హోదా వారు కారు. ఊళ్లో బడి నడుపుతూ ఆదివారం ఆరాధన జరిపేవాడు గ్రామ ఉపాధ్యాయుడు. బాప్తిస్మం కోరేవారికి ప్రశ్నోత్తరాలు నేర్పి, సంఘాన్ని కనిపెట్టుకుని ఉండేవాడు ఉపదేశి. అభిషేకం పొంది సంస్కారాలు జరిపించే అధికారం ఉన్నవాడు పాస్టరు. కాగితం మీద ఇన్ని తేడాలున్నా పల్లె జనానికి ముగ్గురూ ‘అయ్యగారే’, వారి భార్యలు ‘అమ్మగార్లే’. మిషనరీ మాత్రం ‘దొర’, ఆయన భార్య ‘దొరసానమ్మ’.

మిషనరీ ఉపాధ్యాయుల్లోనూ రెండు రకాలవారున్నారు. బోధన కోసమే నియమితులై సెమినరీ ఆవరణలో కాపురమున్నవారు మొదటి రకం. జిల్లా మిషనరీగా సంఘాలు, బడులు, లెక్కలు చూసుకుంటూ, ఏడాదిలో కొన్ని నెలలు ఉపదేశులను పిలిపించి తరగతులు నడిపినవారు రెండో రకం. కడప జిల్లాలో చాలాకాలం కనిపించేది ఈ రెండో రకమే. అందుకే ఇక్కడి బోధనా చరిత్రను సంస్థల పేర్లతో కంటే మనుషుల పేర్లతో చెప్పడం తేలిక.

పూర్వరంగం

సెమినరీలు రాకముందే తెలుగులో క్రైస్తవ బోధన మొదలైంది. 18వ శతాబ్దిలో కర్ణాటక మిషన్‌కు చెందిన ఫ్రెంచి జెసూట్లు రాయలసీమ పల్లెల్లో పనిచేశారు. వారిలో గాస్టన్ కూర్దూ తెలుగు, సంస్కృతం నేర్చి నిఘంటు రచన చేశారు. సంస్కృతానికి గ్రీకు, లాటిన్ భాషలతో ఉన్న పోలికలను గురించి 1767లో పారిస్ పండితులకు రాశారు. జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1740లలో హాలే నగరంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించారు.

లండన్ మిషన్ తరఫున జార్జి క్రాన్, ఆగస్టస్ డేగ్రాంజ్ 1805లో విశాఖపట్నం చేరారు. ఆనందరాయరు సాయంతో సువార్తల అనువాదం చేపట్టారు గాని, అయిదారేళ్లలోపే ఇద్దరూ మరణించారు. 1810లో జాన్ హాండ్స్ బళ్లారిలో మిషన్ నెలకొల్పారు. అక్కడి నుంచి 1822లో అది కడపకు విస్తరించింది. కడపలో మొదట పనిచేసిన విలియం హోవెల్ తరువాత ఆంగ్లికన్ సొసైటీలో చేరారు. అదే దశాబ్దంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడపలో పండితులను కూర్చోబెట్టుకొని తెలుగు కావ్యాల ప్రతులు సరిచూయిస్తున్నారు (చూ. బ్రౌన్, సి.పి.). బ్రౌన్ కంపెనీ కొలువులో అధికారి, మిషన్ మనిషి కారు. అయినా తరువాతి మిషనరీ ఉపాధ్యాయులందరూ ఆయన నిఘంటువుకు ఋణపడినవారే.

1850ల నుంచి జమ్మలమడుగు, కోవెలకుంట్ల, నంద్యాల వైపు మాలపల్లెలు గుంపులుగా క్రైస్తవంలో చేరసాగాయి. సెమినరీ అవసరం పుట్టింది ఇక్కడే. ఒక పల్లె చేరిందంటే ఆ పల్లెకు ఒక ఉపాధ్యాయుడు కావాలి. పక్క పల్లె వారు చేరేముందే ‘మాకు పంతులును పంపుతారా’ అని అడిగేవారు. బాప్తిస్మాల సంఖ్య ఎంత వేగంగా పెరిగినా, చదువు చెప్పే మనుషులను అంత వేగంగా తయారుచేయడం సాధ్యం కాలేదు. 1876–78 కరువు (చూ. ధాత కరువు) తరువాత ఈ ఒత్తిడి మరింత పెరిగింది. ఆ కరువు బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలను గట్టిగా దెబ్బ తీసింది.

మిషన్ సొసైటీలు ఒకదాని పొలిమేరలోకి మరొకటి రాకుండా ప్రాంతాలు పంచుకున్నాయి. కడప లండన్ మిషన్‌కు, నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడు ఆంగ్లికన్ సొసైటీకి, మదనపల్లె అమెరికన్ ఆర్కాటు మిషన్‌కు, కర్నూలు, ఒంగోలు, నెల్లూరు అమెరికన్ బాప్టిస్టులకు వచ్చాయి. ఒక కుటుంబం ఏ సంఘానికి చెందుతుంది, వారి పిల్లవాడు ఏ సెమినరీకి వెళతాడు అన్నది నమ్మకం కంటే ఊరి సరిహద్దు మీదే ఎక్కువగా ఆధారపడింది.

విలియం హోవర్డ్ క్యాంబెల్ (1859–1910)

కడప జిల్లాకు సంబంధించినంతవరకు ఈ వృత్తికి తగిన ఉదాహరణ విలియం హోవర్డ్ క్యాంబెల్. 1859 సెప్టెంబరు 20న ఐర్లండులోని లండన్‌డెరీలో పెద్ద కుటుంబంలో పుట్టారు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో 1880లో ఎం.ఏ., 1882లో బి.డి. పట్టాలు పొందారు. 1884లో లండన్ మిషన్ ఆయనను కడపకు పంపింది. పాతికేళ్లు ఇక్కడే గడిపారు.

ఆయన పని రెండు పాయలుగా సాగింది. ఒకటి జిల్లా మిషనరీ పని. చలికాలంలో గుడారం, ఎద్దుబండి వెంటపెట్టుకొని పల్లెలు తిరగడం, బడుల తనిఖీ, ఉపదేశుల జీతాల చెల్లింపు, సంఘ తగాదాల తీర్పు అన్నీ అందులోవే. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు నల్లరేగడి నేల. వాన పడిందంటే బండి చక్రాలు ఇరుసు దాకా కూరుకుపోయే దారులు కాబట్టి పర్యటనలన్నీ పంట కోతల తరువాతే. రెండోది బోధన. ఉపదేశులకు, పాస్టర్లకు పాఠ్యపుస్తకాలు లేవని గ్రహించి క్రైస్తవ సిద్ధాంతం మీద, క్రైస్తవ నిదర్శనాల మీద తెలుగులో పాఠ్యగ్రంథాలు రాశారు. ఎడిన్‌బరోలో తాను ఇంగ్లీషులో చదివిన తర్కాన్ని నాలుగైదు తరగతులు మాత్రమే చదివిన విద్యార్థికి అర్థమయ్యే తెలుగులోకి దించడం అనువాదం కంటే కష్టమైన పని. సెమినరీ ఉపాధ్యాయుడి ప్రతిభను కొలవాలంటే ప్రసంగాల కంటే ఇలాంటి పుస్తకాలనే చూడాలి.

క్యాంబెల్‌కు చిన్ననాటి నుంచి కీటకాల సేకరణ మీద ఆసక్తి. రాత్రిపూట దీపానికి మూగే సీతాకోకల వంటి రెక్కల పురుగులను, అంటే మాత్‌లను, ఆయన పెద్ద ఎత్తున సేకరించారు. వాటిలో అంతకుముందు శాస్త్రజ్ఞులు నమోదు చేయని జాతులూ ఉన్నాయి. బ్రిటిష్ మ్యూజియం పండితుడు జార్జి హాంప్సన్ వాటిని పరిశీలించారు. బ్రిటిష్ జీవిత చరిత్రల నిఘంటువు ఆయన్ను మిషనరీ, కీటక శాస్త్రజ్ఞుడు అని జంటగా పేర్కొనడానికి కారణం ఇదే. కడప ఎండల్లో గుడారం ముందు లాంతరు వెలిగించుకొని కూర్చున్న దొరను చూసి పల్లె జనం ఏమనుకున్నారో ఏ నివేదికా చెప్పదు.

ఆరోగ్యం చెడి ఐరోపాకు తిరుగుముఖం పట్టిన క్యాంబెల్ 1910 ఫిబ్రవరి 18న ఇటలీలోని బోర్డిగెరాలో మరణించారు.

ఆయన సోదరుడు డాక్టర్ థామస్ విన్సెంట్ క్యాంబెల్ జమ్మలమడుగులో వైద్య మిషనరీగా పనిచేశారు. ఆ ఊళ్లోని క్యాంబెల్ ఆసుపత్రి పేరు ఈ కుటుంబానిదే. తరువాత ఆయన మైసూరు రాజ్యంలోని చిక్కబళ్లాపురంలో ఆసుపత్రి పనికి వెళ్లారు. ఈ ప్రాంతంలో మిషన్ అనగానే చాలామందికి ముందుగా గుర్తొచ్చేది ఆసుపత్రి, ఆ తరువాత బడి. సెమినరీ చదువు సంఘం గడప దాటి పెద్దగా కనిపించదు.

మదనపల్లె, పలమనేరు: ఆర్కాటు మిషన్

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె తాలూకా కడప జిల్లాలోనే ఉండేది. కాబట్టి అమెరికా రిఫార్మ్‌డ్ సంఘపు మిషనరీ జేకబ్ చేంబర్లెయిన్ (1835–1908) కూడా కడప జిల్లా చరిత్రలో భాగమే. కనెక్టికట్ రాష్ట్రంలో పుట్టిన ఆయన వైద్యం, వేదాంతం రెండూ చదివి 1860 ప్రాంతంలో భారతదేశం చేరారు. 1863 నుంచి మదనపల్లె ఆయన స్థిర నివాసం. తెలుగు బైబిలు సవరణ సంఘానికి అధ్యక్షులుగా దీర్ఘకాలం పనిచేశారు.

ఆర్కాటు మిషన్‌కు సొంత సెమినరీ 1880ల చివరలో పలమనేరులో ఏర్పడింది. అమెరికా సంఘాల నుంచి దానికి మూలధనం సమకూర్చడంలో చేంబర్లెయిన్ పాత్ర పెద్దది. విలియం వాటర్‌బరీ స్కడర్, ఆయన తరువాత జారెడ్ వాటర్‌బరీ స్కడర్ అక్కడ బోధించారు. తమిళ, తెలుగు విద్యార్థులు పక్కపక్కన చదవడం ఈ సెమినరీ ప్రత్యేకత. తరువాత అది వేలూరుకు తరలింది. మూలధనం వడ్డీతో నడిచే సెమినరీకి, ఏటేటా విదేశీ చందాల కోసం ఎదురుచూసే సెమినరీకి తేడా ఉంది. మొదటి దాంట్లో ఉపాధ్యాయుడు పాఠ్యక్రమం గురించి ఆలోచించగలడు, రెండో దాంట్లో ఎక్కువగా ఉత్తరాలు రాస్తాడు.

రామాయపట్నం

తెలుగు ప్రాంతపు సెమినరీల్లో విస్తృతంగా పేరు పొందినది రామాయపట్నం బాప్టిస్టు సెమినరీ. నెల్లూరు, ఒంగోలు మధ్య సముద్రతీరంలో 1872లో మొదలైంది. ఎ.వి. టింపనీ, జాన్ మెక్‌లారిన్ వంటి కెనడా వారు తొలి రోజుల్లో దాన్ని చూసుకున్నారు. 1870లలోనే ఆర్.ఆర్. విలియమ్స్ ప్రధానోపాధ్యాయులుగా వచ్చారు. ఆ తరువాతి కాలంలో డబ్ల్యు.బి. బాగ్స్, జేకబ్ హైన్‌రిక్స్ ఆ బాధ్యత వహించారు.

ఈ సెమినరీ మీద పడిన భారాన్ని ఒక్క తేదీ చాలు చూపడానికి. 1878 జూలై 3న ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ పర్యవేక్షణలో గుండ్లకమ్మ నదిలో 2,222 మంది ఒకే రోజు బాప్తిస్మం పొందారు. బాప్తిస్మాలు ఇచ్చినవారు తెలుగు బోధకులే. ఇద్దరిద్దరు చొప్పున వంతులు మారుతూ ఇచ్చారు. కొత్తగా చేరినవారిలో అత్యధికులు మాదిగలు, చదువురానివారు. వారికి బడిపంతులు, పాస్టరు, సంఘ పెద్ద అన్నీ తానే కాగల మనిషిని పంపాల్సింది సెమినరీయే.

విద్యార్థులు చాలామంది పెళ్లయినవారు. భార్యాపిల్లలతో, కుండలతో, చాపలతో కాపురం ఎత్తుకొని వచ్చేవారు. ఆవరణలో వారికి వరసగా చిన్న ఇళ్లు కట్టించారు. భర్తలు పాఠం వింటున్న వేళ భార్యలకు వేరే తరగతి జరిగేది. అక్షరాలు, బైబిలు కథలు, కుట్టుపని, శుభ్రత అందులో పాఠాలు. వారిలో కొందరు తరువాత భర్తతో సమానంగా బడి నడిపారు. మిషన్ నివేదికలు ‘విద్యార్థుల సంఖ్య’ అని రాసేటప్పుడు ఈ స్త్రీలను ఒకసారి కలిపి, మరోసారి విడిగా లెక్కించడం వల్ల పాత అంకెలను జాగ్రత్తగా చదవాలి.

మెక్‌లారిన్ 1874లో కాకినాడలో కెనడియన్ బాప్టిస్టు మిషన్ ప్రారంభించారు. 1882లో సామర్లకోటలో ఆ మిషన్ సెమినరీ నెలకొల్పారు.

బోధన తీరు

సెమినరీలో ప్రవేశానికి చదువు కంటే సాక్ష్యం ముఖ్యం. సంఘం, మిషనరీ సిఫారసు చేయాలి. తొలి దశాబ్దాల్లో చదవడం, రాయడం వస్తే చాలనుకునేవారు. పాఠ్యక్రమంలో పాత, కొత్త నిబంధనలు, సిద్ధాంతం, సంఘ చరిత్ర, ప్రసంగ శాస్త్రం ఉండేవి. వాటితో పాటు లెక్కలు, భూగోళం, వ్యాకరణం కూడా చెప్పాల్సి వచ్చేది. గ్రీకు, హీబ్రూ పెద్ద సెమినరీల్లో, అదీ కొద్దిమందికే. పాటకు తగిన చోటు ఇచ్చారు. పురుషోత్తమ చౌదరి వంటివారు రాగతాళాలతో కట్టిన కీర్తనలు రాని ఉపదేశికి పల్లెలో పనిలేదు (చూ. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు).

వారాంతాల్లో విద్యార్థులు జట్లుగా చుట్టుపక్కల పల్లెలకు, సంతలకు వెళ్లి ప్రసంగించేవారు. సోమవారం తిరిగొచ్చాక ఎవరు ఏ వాక్యం ఎత్తుకున్నారు, వినేవారు ఏం అడిగారు అన్నది తరగతిలో చర్చకు వచ్చేది. పుస్తకం చెప్పని ప్రశ్నలు అక్కడే ఎదురయ్యేవి. చనిపోయిన తాతముత్తాతల గతేమిటి, గంగమ్మ జాతరకు చందా ఇవ్వకపోతే రెడ్డి పని ఇస్తాడా, మేనరికం చేసుకోవచ్చా వంటివి. ఇలాంటి వాటికి జవాబు ఇవ్వడంలో దొర కంటే పక్కన కూర్చున్న తెలుగు ఉపాధ్యాయుడే మేలు.

పని దొరికాక ఉపదేశి నివాసం మాలపల్లెలోనో మాదిగపల్లెలోనో. పగలు బడిగా ఉన్న పాకే సాయంత్రం ప్రార్థన మందిరం. పిల్లలు పశువుల వెంట, కలుపుల వెంట పోయే కాలంలో రాత్రి బడి. ఏడాదికోసారి మిషన్ కేంద్రంలో ఉపదేశులకు పరీక్ష ఉండేది. జీతం పెంపు దాని మీద కొంతవరకు ఆధారపడేది.

భాష, సహోపాధ్యాయులు

కొత్తగా వచ్చిన మిషనరీకి మొదటి రెండేళ్లు మున్షీయే గురువు. రెండు భాషా పరీక్షలు గట్టెక్కాకే పూర్తి బాధ్యత అప్పగించేవారు. మచిలీపట్నంలో పనిచేసిన ఎ.హెచ్. ఆర్డెన్ 1873లో ప్రచురించిన తెలుగు వ్యాకరణం ఈ పరీక్షలకు చాలాకాలం చేతి పుస్తకమైంది. మున్షీ నేర్పేది గ్రాంథికం, పల్లెలో వినిపించేది వాడుక. పరీక్ష నెగ్గిన దొర జమ్మలమడుగు సంతలో మాట అర్థంకాక నిలబడిపోవడానికి ఇదే కారణం. తెలుగు బైబిలు కూడా గ్రాంథికంలోనే ఉండడంతో, తెలుగు క్రైస్తవ ప్రసంగ భాషకు ఒక ప్రత్యేకమైన యాస స్థిరపడింది. నేటికీ అది వినపడుతుంది.

మిషనరీ ఏడెనిమిదేళ్లకొకసారి సెలవు మీద స్వదేశం వెళ్లేవారు. జబ్బు చేస్తే ముందే వెళ్లేవారు. ఎండాకాలం కొడైకెనాల్, కూనూరు కొండల మీద గడిపేవారు. ఆ నెలల్లో, ఆ సంవత్సరాల్లో తరగతులు ఆగలేదంటే భారతీయ సహోపాధ్యాయులే కారణం. అయినా అచ్చయిన మిషన్ చరిత్రల్లో వారి పేర్లు తరచుగా ‘ఒక యోగ్యుడైన సహాయకుడు’ అన్న మాటతో సరిపెట్టుకుపోయాయి. ఈ వ్యాసమూ దొరల పేర్లతోనే నిండడానికి ఆ రాతల లోపమే కారణం.

విమర్శ

సెమినరీ విద్య మీద వచ్చిన విమర్శ ఒక దిక్కు నుంచి రాలేదు. మతమార్పిడికి జీతపు మనుషులను తయారుచేస్తోందని హిందూ సంస్కర్తలు ఆక్షేపించారు. విదేశీ జీతం మీద బతికే బోధకుడు సంఘానికి కాక మిషన్‌కు జవాబుదారీ అవుతాడని మిషనరీల్లోనే కొందరు వాదించారు. చదువు సంగతి వేరు. అంటరానివారికి పాఠశాల గుమ్మం మూసి ఉన్న కాలంలో సెమినరీ ఆ వర్గాల నుంచి ఒక చదువుకున్న తరాన్ని నిలబెట్టిందన్నది విమర్శకులూ ఒప్పుకున్న విషయం. కాని కులం సెమినరీ గేటు దగ్గర ఆగలేదు. లండన్ మిషన్ సంఘాల్లో మాలలు, బాప్టిస్టు సంఘాల్లో మాదిగలు అధికంగా ఉండడం వల్ల తరువాతి ఐక్యతా ప్రయత్నాల్లో అది అడుగడుగునా ఎదురైంది.

దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య (1874–1945) మరో దారి చూపారు. తిరునల్వేలి ప్రాంతపు తమిళుడైన ఆయన తెలుగు నేర్చుకొని పనిచేశారు. 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్‌గా అభిషిక్తులయ్యారు. మద్రాసు నుంచి మిషనరీని తెచ్చుకోవడం కంటే, పల్లె నుంచి దంపతులను తెచ్చి కలిపి శిక్షణ ఇచ్చి అదే పల్లెకు పంపడం మంచిదన్నది ఆయన పద్ధతి. దూరం నుంచి వచ్చినవాడే అయినా ఆయన్ను ఎవరూ దొర అనలేదు.

విలీనాలు, భారతీయీకరణ

1908లో దక్షిణ భారత ఐక్య సంఘం ఏర్పడడంతో లండన్ మిషన్ సంఘాలు అందులో చేరాయి. 1910లో బెంగళూరులో యునైటెడ్ థియొలాజికల్ కాలేజీ మొదలైంది. లండన్ మిషన్, ఆర్కాటు మిషన్ దాని భాగస్వాములు. డెన్మార్కు దేశస్థుడు, తమిళ పండితుడు ఎల్.పి. లార్సెన్ దాని తొలి ప్రిన్సిపాళ్లలో ప్రముఖులు. ఇంగ్లీషు వచ్చిన కడప విద్యార్థి బెంగళూరుకు, తెలుగు మాత్రమే వచ్చినవాడు గుత్తి వంటి చోట్ల శిక్షణకు వెళ్లడం అప్పటి నుంచి అలవాటైంది. ఈ విభజన తరువాత జీతాల్లో, పదవుల్లో కూడా కనిపించింది. పట్టాలకు శ్రీరాంపూర్ కాలేజీ ఆధారం. డెన్మార్కు రాజు 1827లో ఇచ్చిన శాసనం వల్ల ఆ కాలేజీకి వేదాంత పట్టాలిచ్చే హక్కు దక్కింది.

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. నంద్యాల ఆంగ్లికన్లు చాలామంది అందులో చేరకుండా వేరుగా ఉండిపోయారు. 1950లో కడప కేంద్రంగా రాయలసీమ డయోసిస్ రూపొందింది. హోస్పేట సుమిత్ర దాని తొలి బిషప్. 1954లో ఆయన మొత్తం సంఘానికి మోడరేటర్ (అధ్యక్షుడు) అయ్యారు. 1950ల నడుమ నుంచి విదేశీ మిషనరీల వీసా నియమాలు బిగిశాయి. భారతీయుడు దొరకని పనికే విదేశీయుడికి అనుమతి అన్నది ప్రభుత్వ విధానం. సెమినరీ పదవులు ఒక్కొక్కటే చేతులు మారాయి.

1964లో లూథరన్, బాప్టిస్టు, దక్షిణ ఇండియా సంఘాల సెమినరీలు కలిసి ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలగా రాజమండ్రిలోని లూథర్‌గిరిలో ఏర్పడ్డాయి. రామాయపట్నం, కాకినాడ, దోర్నకల్ సెమినరీలు ఇందులో కలిశాయి. 1972లో కళాశాల హైదరాబాదుకు మారింది. పాత నిబంధన పండితుడు పి. విక్టర్ ప్రేమసాగర్ దాని ప్రిన్సిపాల్‌గా పనిచేసి, అనంతరం మెదక్ బిషప్, దక్షిణ ఇండియా సంఘ మోడరేటర్ అయ్యారు. బాప్టిస్టులు తరువాతి కాలంలో రామాయపట్నంలో శిక్షణను తిరిగి సొంతంగా సాగించారు.

తెలుగు మిషనరీ ఉపాధ్యాయులు

ఈ వృత్తి విదేశాల నుంచి ఇక్కడికి అన్న ఒకే దిశలో సాగలేదు. నెల్లూరులో ఉపాధ్యాయుడిగా ఉన్న జాన్ రంగయ్యను తెలుగు బాప్టిస్టుల సొంత మిషన్ సంఘం 1903లో దక్షిణాఫ్రికాలోని నేటాలుకు పంపింది. తోటల్లో ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగువారి మధ్య ఆయన పనిచేశారు. 1903 డిసెంబరు 27న కియర్స్‌నీలో తొలి తెలుగు బాప్టిస్టు సంఘాన్ని నెలకొల్పారు. ఆయనకు జీతం విదేశీ సొసైటీ నుంచి కాక తెలుగు సంఘాల చందాల నుంచే వచ్చింది. 1915లో మరణించేవరకు అక్కడే ఉన్నారు (చూ. దక్షిణాఫ్రికాలో తెలుగువారు).